‘తిన్నావా’ అని అడక్కండమ్మా

విదేశీ చదువుల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ జర్మనీ గురించే. నేను ఎమ్మెస్ చదివిందీ అక్కడే. 2013 అక్టోబరు నుంచి రెండున్నరేళ్లు, ఎల్బే నది ఒడ్డున ఉన్న మాగ్డెబుర్గ్ అనే ఊళ్లో ఉన్నాను. ఇప్పుడు విశాఖలో, సిరిపురం దగ్గర జర్మన్ చెబుతున్నాను. అందుకని ఈసారి జర్మనీ వరకే జవాబులు రాస్తున్నాను. అమెరికా, ఇంగ్లండు ఉత్తరాలు పక్కన పెట్టుకున్నాను, అక్కడ చదివినవాళ్లని కనుక్కుని రాస్తాను.

* * *

మా అబ్బాయి పోయిన అక్టోబర్లో జర్మనీ వెళ్లాడు. మొదట్లో వీడియో కాల్‌లో గదంతా తిప్పి చూపించేవాడు. సంక్రాంతి దగ్గర్నుంచీ కెమెరా ఆపేసి మాట్లాడుతున్నాడు. ‘తిన్నావా నాన్నా’ అంటే ‘తిన్నానమ్మా’. ‘ఏటి తిన్నావురా’ అంటే ‘ఏదో తిన్నాన్లే’. ‘బాగున్నావా’ అంటే ‘బాగున్నాను’. రెండు నిమిషాల్లో పెట్టేస్తున్నాడు. వాళ్ల నాన్న ‘చదువుకుంటున్నాడు, విసిగించకు’ అంటారు. నా మనసు మనసులో లేదు. సింహాచలం అప్పన్నకి మొక్కుకున్నాను. ఏం చెయ్యమంటారు?
ఒక తల్లి, గాజువాక

అమ్మా, మీ అబ్బాయి చెబుతున్న మాటలు నేను మా అమ్మకి ఏడాది పైగా చెప్పినవే. అందుకే మీ ఉత్తరం ముందు పెట్టాను.

డిసెంబర్లో మాగ్డెబుర్గ్‌లో ఉదయం ఎనిమిది దాటితే గాని తెల్లారదు. సాయంత్రం నాలుగింటికల్లా చీకటి పడిపోతుంది. క్లాసు నుంచి బయటికొచ్చేసరికి రాత్రి. తెల్లవారకుండానే బీచ్ రోడ్డులో నడిచేవాళ్ల మాటలు వింటూ పెదవాల్తేరులో పెరిగినదాన్ని, నాకు ఆ చీకటి ఒంట్లోకి దిగిపోయింది. లేవబుద్ధి కాదు, వండబుద్ధి కాదు. ఆ మొదటి చలికాలం మూడు వారాలు నేను తిన్నది బ్రెడ్డూ పెరుగూ. ఆ పెరుగులోనే అమ్మ ఇచ్చిన నల్లకారం కలుపుకునేదాన్ని. అమ్మ ఫోన్‌లో ‘తిన్నావా’ అంటే ‘తిన్నాను’ అనేదాన్ని. అది అబద్ధం కాదు కదా. అందుకే అంత తేలిగ్గా వచ్చేది నోట్లోంచి.

తర్వాత సంవత్సరం హుద్‌హుద్ వచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. జర్మనీలో ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు, వీధిలో అలికిడి ఉండదు. అక్కడ ఉదయం తొమ్మిదవుతుంటే ఇక్కడ పన్నెండున్నర, తుఫాను తీరం దాటుతున్న వేళ. ల్యాప్‌టాప్‌లో వార్తలు చూస్తూ కూర్చున్నాను. ఇంటికి ఫోన్ కలవలేదు. టవర్లు పడిపోయాయని, కరెంటు పోయిందని చెబుతున్నారు. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయి ఇనుప చట్రం కనిపిస్తోంది. సోమవారం క్లాసుకి వెళ్లాను, టీచరు ఏం చెప్పారో తెలీదు. నాలుగో రోజు సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోను. అమ్మ. ఎవరి ఫోనో అడిగి తీసుకుని చేసింది. మొదటి మాట, ‘అంతా బాగానే ఉన్నాం. నువ్వు తిన్నావా?’ నేను ‘తిన్నానమ్మా, బాగున్నాను’ అన్నాను. ఫోన్ పెట్టేశాం.

నేను ఆ నాలుగు రోజులూ సరిగ్గా తినలేదు. వాళ్లూ బాగా లేరు. వెనక వరండా రేకులు ఎగిరిపోయాయి, కొబ్బరిచెట్టు ప్రహరీ మీద పడింది, నాన్న పాల ప్యాకెట్ కోసం రెండు గంటలు లైన్లో నిలబడి కళ్లు తిరిగి పడ్డారు. ఇవేవీ నాకు అమ్మ చెప్పలేదు. డిసెంబర్లో మా పిన్ని కూతురు మాటల్లో బయటపడింది. ఆ రాత్రే ఫోన్ చేసి అమ్మ మీద అరిచాను. అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే ఒక్కొక్కటీ చెప్పింది. ఆ చీకట్లో కొవ్వొత్తి కోసం వెతుక్కోవడం, బిందెడు నీళ్ల కోసం మూడు వీధులు తిరగడం, చెట్టు పడిన చప్పుడు. విన్నాక నేనూ ఆ బ్రెడ్డూ పెరుగూ సంగతి చెప్పాను. ఆ ఫోను గంటన్నర సాగింది. ఏడాదిలో అంతసేపు ఎప్పుడూ మాట్లాడుకోలేదు మేము.

కనుక అమ్మా, ‘తిన్నావా’ అని అడగడం ఆపండి. ‘బాగున్నావా’ కూడా వద్దు. ఆ ప్రశ్నల్లోనే జవాబు ఉంది, పిల్లలు దాన్నే తిప్పి చెబుతారు. మీరు ముందు మీ సంగతి చెప్పండి, ఉన్నది ఉన్నట్టు. మోకాలు నొప్పిగా ఉంటే నొప్పిగా ఉందని చెప్పండి. పక్కింటివాళ్లతో మాట పట్టింపు వస్తే అదీ చెప్పండి. కుళాయి నీళ్లు రాకపోతే అదీ చెప్పండి. ‘వాడికి అక్కడ దిగులు ఎందుకు’ అని మీరు దాస్తే, ‘అమ్మకి అక్కడ దిగులు ఎందుకు’ అని వాడు దాస్తాడు. వాడు నేర్చుకున్నది మీ దగ్గరే.

రెండోది, ఆదివారం వాడికి క్లాసు ఉండదు, కొట్టుకి వెళ్లే పనీ ఉండదు. ఆ రోజు మీరు వంట మొదలుపెట్టే ముందు ఫోన్ చెయ్యండి. ఫోను పొయ్యి పక్కన నిలబెట్టి, మీరు చారు పెడుతూ వాణ్ని కూడా పెట్టమనండి. మాట్లాడాల్సిన అవసరం లేదు. చింతపండు పిసుకుతూ ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఆ తర్వాత అమ్మా నేనూ ఏడాది పైనే అలా వండుకున్నాం. నాకు ఆవ పెట్టిన కూర వచ్చింది ఆ ఫోన్లోనే.

కెమెరా ఆపేశాడంటే వెంటనే కీడు శంకించకండి. గది చిందరవందరగా ఉండొచ్చు, పనిలోంచి మాట్లాడుతుండొచ్చు. కానీ నిద్ర పట్టడం లేదనో, క్లాసులకి వెళ్లడం లేదనో, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదనో మాట జారితే పట్టుకోండి. జర్మనీలో హాస్టళ్లూ క్యాంటీన్లూ నడిపే విద్యార్థి సంక్షేమ సంస్థ ఒకటి దాదాపు ప్రతి యూనివర్సిటీ ఊళ్లోనూ ఉంటుంది, స్టూడియెరెండెన్‌వెర్క్ అంటారు. చాలా చోట్ల వాళ్ల దగ్గర మనసు విప్పి మాట్లాడుకోవడానికి కౌన్సెలర్లు ఉంటారు, విద్యార్థులకి సాధారణంగా డబ్బు తీసుకోరు, ఇంగ్లీషులోనూ మాట్లాడతారు. నేను రెండో చలికాలం నాలుగుసార్లు వెళ్లాను. ప్రాణాపాయం అనిపిస్తే అక్కడ 112కి ఫోన్ చెయ్యాలి, అది వాడికి తెలుసో లేదో కనుక్కోండి. మీకే దిగులు తట్టుకోలేనట్టుగా ఉంటే ఇక్కడ 14416 ఉంది. టెలీమానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను. తెలుగులోనే మాట్లాడొచ్చు.

* * *

అక్కా, సెప్టెంబర్లో బయల్దేరుతున్నాను. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. అమ్మ నెయ్యి, పచ్చళ్లు, ప్రెషర్ కుక్కర్, దుప్పట్లు అన్నీ సర్దేస్తోంది. ఏం ఉంచాలి, ఏం తియ్యాలి?
మద్దిలపాలెం నుంచి ఒక చెల్లి

నెయ్యి తీసెయ్యి. యూరప్ దేశాల్లోకి బయటి దేశాల నుంచి పాలతో చేసినవీ, మాంసంతో చేసినవీ తీసుకురానివ్వరు. కోడి పచ్చడి కూడా అంతే. పట్టుకుంటే చెత్తబుట్టలో వేస్తారు, ఒక్కోసారి జరిమానా వేస్తారు. కానీ మన విశాఖవాళ్లకి ఒక మంచి మాట, చేపలూ రొయ్యలకి ఆ నిషేధం లేదు. సొంతానికి 20 కిలోల దాకా ఒప్పుకుంటారు. ఫిషింగ్ హార్బర్ దగ్గర కొన్న ఎండురొయ్యలు వేయించి, గాలి చొరకుండా మూడు కవర్లలో కట్టి తీసుకెళ్లాను నేను. వంకాయలో నాలుగు వేస్తే గది గదంతా ఇల్లయిపోయేది.

పచ్చి కరివేపాకు తీసుకెళ్లకు. 2019 డిసెంబరు నుంచి ఆకులకీ, పండ్లకీ, కూరగాయలకీ మొక్కల ఆరోగ్య పత్రం కావాలంటున్నారు. నీడన ఆరబెట్టి పొడి కొట్టుకో. అనకాపల్లి బెల్లం పెట్టుకో. చింతపండు, ఇంగువ, ఎండుమిరప, ఆవపిండి పూర్ణా మార్కెట్లో కొనుక్కో. బియ్యం, కందిపప్పు మోయకు, ఆసియా కొట్లలో దొరుకుతాయి. పచ్చళ్లు రెండు రకాలు చాలు. మూత కింద ప్లాస్టిక్ వేసి టేపు చుట్టి, పాత చీర ముక్కలో కట్టి పెట్టె మధ్యలో పెట్టు. నా బెల్లం ఆవకాయ నూనె ఫ్రాంక్‌ఫర్ట్ చేరేసరికి సర్టిఫికెట్ల జిరాక్సుల మీదంతా పాకింది. అసలు కాగితాలు చేతిసంచీలో ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. పాస్‌పోర్టు, అడ్మిషన్ లెటరు, ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు పరిశీలించి ఇచ్చే పత్రం), బ్లాక్డ్ అకౌంట్ కాగితం (ఏడాది ఖర్చుకి డబ్బు ఖాతాలో వేసినట్టు చూపేది), ఇన్సూరెన్సు, మార్కుల జాబితాలు, ఇవన్నీ నీ ఒంటి మీదే ఉండాలి.

కుక్కర్ ఉంచు, మూడు లీటర్లది. దాంతోపాటు రెండు గ్యాస్కెట్లు, ఒక విజిల్ అదనంగా పెట్టుకో, అవి పోతే అక్కడ వెతికి పట్టుకోవడం కష్టం. దుప్పట్లు తీసెయ్యి. కోటు ఇక్కడ కొనకు. మన దగ్గర దొరికేవి అరకు చలికి పనికొస్తాయి, సున్నా కింద చలికి ఆగవు. బయల్దేరే లోపల పళ్లు చూపించుకో, కళ్లు చూపించుకుని కళ్లజోళ్లు రెండు చేయించుకో.

పెట్టె కంటే ముఖ్యమైనవి రెండున్నాయి. ఒకటి గది. నాతో వెళ్లినమ్మాయి ఫొటోలు చూసి మూడు నెలల అద్దె ఇక్కణ్నుంచే పంపేసింది. వెళ్లాక ఆ చిరునామాలో అలాంటి గదే లేదు. గది చూడకుండా, ఇంటివాళ్ల సంతకం ఉన్న ఒప్పందం చేతికి రాకుండా ఒక్క యూరో పంపకు. ముందు హాస్టల్‌కి దరఖాస్తు పెట్టు, అడ్మిషన్ వచ్చిన రోజే పెట్టు, వరస పెద్దగా ఉంటుంది.

రెండోది, గదిలో దిగిన రెండు వారాల్లోపు నగర కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. అన్‌మెల్డుంగ్ అంటారు. ఇంటివాళ్లు సంతకం చేసిన కాగితం లేకపోతే చెయ్యరు. ఆ నమోదు లేకపోతే బ్యాంకు పనీ, వీసా పొడిగింపూ ముందుకి కదలవు. గదిలో దిగిన రోజే ఇంకో పని చెయ్యి, ఉత్తరాల పెట్టె మీద నీ ఇంటిపేరు అతికించు. అక్కడ ప్రభుత్వం ఇప్పటికీ కాగితం మీద ఉత్తరాలే పంపుతుంది. పోస్టు మనిషి గది నంబరు చూడడు, పెట్టె మీద పేరు చూస్తాడు. మనకి పిలిచే పేరే పేరు. నేను దాన్నే రాసి అతికించాను. వాళ్లకి ఇంటిపేరే పేరు. వీసా ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ‘ఈ పేరుగలవారు లేరు’ అని వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ తారీకు దొరకడానికి ఆరు వారాలు పట్టింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో ఇప్పుడే చూసుకో, అదే అక్షరాల్లో రాసుకో.

* * *

స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాను. మా అమ్మాయికి జర్మనీలో సీటు ఇప్పిస్తామంటున్నారు కన్సల్టెన్సీవాళ్లు. అక్కడ ఫీజు లేదంటారు, మళ్లీ 11,904 యూరోలు కట్టాలంటారు. ఏది నిజం? స్థలం అమ్మాలా?
ఒక తండ్రి, కూర్మన్నపాలెం

రెండూ నిజమేనండీ. 11,904 యూరోలు ఫీజు కాదు. మీ అమ్మాయి పేరు మీదే అక్కడి ఖాతాలో వేసి తాళం వేసే డబ్బు. అక్కడికి వెళ్లాక నెలకి 992 చొప్పున ఆమెకే వస్తుంది. ఏడాది బతకడానికి డబ్బుందని చూపించడం కోసం అది. 2024 సెప్టెంబరు నుంచి ఈ మొత్తం అమల్లో ఉంది.

ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టర్‌కి కొంత చందా కట్టాలి, చాలా చోట్ల అందులోనే రైలు, ట్రామ్ పాసు కలిసి ఉంటుంది. కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరప్ బయటివాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు ఉంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. ఇక ప్రైవేటువి పూర్తిగా వేరు, ఏడాదికి లక్షల రూపాయల్లో ఉంటాయి. మీరు కన్సల్టెన్సీని అడగాల్సింది ఒక్కటే, ‘ఇది ప్రభుత్వానిదా, ప్రైవేటుదా?’ అని. మాటతో కాదు, కాగితం మీద రాయించుకోండి. తర్వాత డాడ్ (DAAD) అనే జర్మన్ విద్యా సంస్థ వెబ్‌సైటులో కోర్సు పేరు కొట్టి చూడండి, ఫీజు ఎంతో అక్కడే ఉంటుంది. ఈ రెండు పనులకీ ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు.

992లో అద్దె, ఆరోగ్య బీమా పెద్ద ఖర్చులు. విద్యార్థులకి ప్రభుత్వ బీమా నెలకి 140 యూరోలకి పైనే ఉంది. మా మాగ్డెబుర్గ్ లాంటి తూర్పు ఊళ్లలో గడిచిపోతుంది, మ్యూనిక్‌లో అద్దెకే చాలా భాగం పోతుంది. ఇబ్బందంతా మొదటి నెలే. ఇంటివాళ్లు మూడు నెలల అద్దె దాకా అడ్వాన్సు అడగొచ్చు. తాళం వేసిన డబ్బు వెంటనే చేతికి రాదు. కనుక మరో 1,500 యూరోలు విడిగా చేతిలో ఉండేలా చూడండి.

స్థలం సంగతి. 2022 నవంబరు నుంచి మన దేశపు విద్యార్థుల సర్టిఫికెట్లని ఏపీఎస్ అనే విభాగం పరిశీలించి పత్రం ఇవ్వాలి, అది లేనిదే వీసాకి దరఖాస్తు చెయ్యలేరు. ఆ పత్రం, ప్రభుత్వ యూనివర్సిటీ అడ్మిషన్ రెండూ చేతికి రాకుండా సెంటు భూమి కూడా అమ్మకండి.

* * *

అక్కా, నేను ఇక్కడికొచ్చి రెండేళ్లు దాటింది. వారానికి నాలుగు రాత్రులు గోదాంలో పార్సిళ్లు మోస్తున్నాను, పది నుంచి ఆరు దాకా. పగలు క్లాసులో నిద్ర. రెండు సబ్జెక్టులు ఒకసారి పోయాయి, ఇంకో సబ్జెక్టు రెండుసార్లు పోయింది. ఇంట్లో అన్నీ పాసయ్యానని చెప్పాను. నాన్న ఆటో నడుపుతారు, లోను ఆయన పేరు మీదే. నెలనెలా పంపిస్తుంటే ‘మా వాడు చదువుకుంటూనే సంపాదిస్తున్నాడు’ అని అందరికీ చెప్పుకుంటున్నారు. ఏ మొహంతో చెప్పను?
కంచరపాలెం అబ్బాయి, ప్రస్తుతం జర్మనీ

తమ్ముడూ, ముందు లెక్కలు చూద్దాం. భయం లెక్కల్లోనే ఉంది.

యూరప్ బయటి విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చెయ్యొచ్చు. 2024 మార్చి నుంచి ఇదీ నియమం. అంటే నెలకి పన్నెండు రోజుల లోపు. నువ్వు వారానికి నాలుగు, అంటే నెలకి పదిహేడు. ఇలా ఏడాది పొడుగునా చేస్తే 200 దాటుతావు. వీసా పొడిగింపు వేళ ఇది బయటపడితే చదువుకే ముప్పు. ఇప్పుడే ఈ ఏడాది ఎన్ని రోజులు చేశావో కాగితం మీద రాసుకో.

అవతలి లెక్క కూడా చూడు. 2026 జనవరి నుంచి గంటకి కనీస వేతనం 13.90 యూరోలు. ఎనిమిది గంటల చొప్పున 140 రోజులకి 15,568 యూరోలు, కోతలకి ముందు. ఏడాది ఖర్చుకి చూపించమనే డబ్బు 11,904. హద్దు దాటకుండానే నీ బతుకు గడుస్తుంది. నువ్వు దాటుతున్నది నీ తిండి కోసం కాదు, ఇంటికి పంపడం కోసం. నాన్న అడిగారా, నువ్వే మొదలుపెట్టావా? ఆ మాట నీ ఉత్తరంలో లేదు. చాలామంది పిల్లలు అడక్కుండానే పంపడం మొదలుపెడతారు. తర్వాత ఆపడానికి నోరు రాదు.

అన్నిటికంటే తొందరైనది రెండుసార్లు పోయిన సబ్జెక్టు. చాలా యూనివర్సిటీల్లో ఒక పరీక్షకి మూడు అవకాశాలే. మూడోసారీ పోతే ఆ కోర్సులోంచి తీసేస్తారు, జర్మనీలో మరో యూనివర్సిటీలోనూ అదే కోర్సు చదవనివ్వరు. కాబట్టి నిద్ర కళ్లతో ఆ మూడో పరీక్షకి వెళ్లకు. మీ కోర్సు నియమాల పుస్తకం తెరిచి ఎన్ని అవకాశాలున్నాయో, పేరు ఎప్పటిలోగా వెనక్కి తీసుకోవచ్చో చూడు. ఆ కోర్సుకి విద్యార్థి సలహాదారు ఒకరుంటారు, అపాయింట్‌మెంటు తీసుకుని వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పు. వాళ్లు తిట్టరు. ఇంత ఆలస్యంగా వచ్చావేం అంటారు, అంతే. ఇంకో మాట, యూనివర్సిటీలోనే ల్యాబ్ పనో, ప్రొఫెసర్ దగ్గర సహాయకుడి పనో దొరికితే అది ఆ 140 రోజుల్లో లెక్కకి రాదు. నేను గ్రంథాలయంలో చేశాను. జీతం తక్కువ, కానీ పగటి పని.

ఇక నాన్న. ఏ మొహంతో అన్నావు. నేను ఇంటివాళ్లకి చెప్పకుండా దాచుకున్నవన్నీ చెప్పడానికి నాకు ఒక తుఫాను కావలసి వచ్చింది. నువ్వు అంతదాకా ఆగకు. ఆయన ఆటో స్టాండులో ఉన్నప్పుడు చెయ్యకు, చుట్టూ మనుషులుంటారు, ఆయన మాట్లాడలేరు. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం తిన్నాక చెయ్యి. అమ్మ చేత చెప్పించకు. మొదటి వాక్యంలోనే చెప్పు, ‘నాన్నా, మూడు సబ్జెక్టులు పోయాయి, ఇన్నాళ్లూ దాచాను’ అని. ముందు వాతావరణం గురించీ, రూమ్మేట్ గురించీ మాట్లాడావంటే ఆ మాట ఇక రాదు. తర్వాత ఆయన ఏమన్నా విను. కోప్పడితే కోప్పడనీ. ఆయన ఏమీ అనకుండా ఫోన్ పెట్టేసినా, మర్నాడు అదే వేళకి మళ్లీ చెయ్యి. అప్పుడు చెప్పు, ‘ఇకనుంచి ఇంత పంపలేను, ఇంత పంపగలను, ఫలానా నెలలో పరీక్ష’ అని, అంకెలతో సహా. లోను వాయిదా సంగతి ఆయన బ్యాంకుకెళ్లి మాట్లాడొచ్చు. కానీ ముందు ఆయనకి తెలియాలి కదా.

చెప్పాక నాకు రెండు ముక్కలు రాయి. ప్రచురించను.

* * *

పోపు పెడితే పక్క గది జర్మన్ అమ్మాయి ముక్కు మూసుకుంటోంది. వంటగది అందరిదీ. వండటం మానెయ్యనా?
మర్రిపాలెం అమ్మాయి, లైప్‌జిగ్ నుంచి

మానెయ్యకు. కిటికీ ముందే తెరువు, పోపు వేశాక కాదు. అక్కడి కరెంటు పొయ్యి నెమ్మదిగా వేడెక్కి, ఆపేశాక కూడా చాలాసేపు వేడిగానే ఉంటుంది. మన గ్యాసు లెక్కన ఆవాలు చిటపటలాడేదాకా అలాగే ఉంచితే మాడి, ఆ మాడు వాసనే గదంతా నిండుతుంది. నాలుగు ఆవాలు చిటపటమనగానే మూకుడు పొయ్యి మీంచి దించేసి, పక్కన పెట్టి మెంతులూ ఇంగువా వెయ్యి. ఆ మిగిలిన వేడి చాలు. రాత్రి పది తర్వాత మాత్రం వంట పెట్టుకోకు, అక్కడ పది నుంచి ఆరు దాకా చప్పుడు చెయ్యకూడని వేళ, కుక్కర్ విజిల్‌కి ఫిర్యాదు చేసేవాళ్లున్నారు. ఒక ఆదివారం ఆ అమ్మాయిని పిలిచి పెసరట్టు పెట్టు. మా పక్క గది అమ్మాయి అలా తిన్నాకే నిమ్మకాయ పులిహోర ఎలా చేస్తారని అడిగింది. తర్వాత మా వంటగదిలో ఆవాల డబ్బా ఇద్దరిదీ అయింది.

* * *

మనవరాలు అక్కడికెళ్లింది. నేను చేసినప్పుడల్లా ‘మామ్మా, నిద్దరోతున్నాను’ అంటది. ఏ వేళకి చెయ్యాలి తల్లీ?
ఒక మామ్మగారు, భీమిలి (మనవడి చేత రాయించారు)

మామ్మగారూ, మీ మనవరాలి గడియారం మనకంటే వెనక ఉంటుంది. చలికాలంలో నాలుగున్నర గంటలు, ఎండాకాలంలో మూడున్నర. మార్చి ఆఖరి ఆదివారం వాళ్లు గడియారం ఒక గంట ముందుకి జరుపుతారు, అక్టోబరు ఆఖరి ఆదివారం వెనక్కి జరుపుతారు. మీరు పొద్దున్న ఆరింటికి కాఫీ తాగి ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి ఒకటిన్నర, రెండున్నర. అందుకే నిద్రలో ఉంటోంది. మీరు సాయంత్రం దీపం పెట్టాక, ఆరున్నరకి చెయ్యండి. అక్కడ చలికాలమైతే మధ్యాహ్నం రెండు, ఎండాకాలమైతే మూడు. భోజనం చేసి ఉంటుంది, వెలుతురూ ఉంటుంది. భీమిలి సముద్రం చప్పుడు వినిపించేలా ఫోను కిటికీ వైపు తిప్పి పట్టుకోండి.